నెమలి కొన్న చెక్క ఇల్లు

తేనెకొండ అడవిలో జింకలు, కుందేళ్ళు, ముళ్ళపందులు, నెమళ్ళు, ఎలుగుబంట్లు కలిసి ఉండేవి. చాలామందికి సొంత తోటలుండేవి. తోట ఉన్నాక అందులో ఒక చెక్క ఇల్లు ఉండాలని ప్రతివాళ్ళకూ కోరిక. అడవి మొత్తానికి ఆ ఇళ్ళు కట్టేవాడు ఒక్క వడ్రంగిపిట్ట. అందరూ అతన్ని మేస్త్రి అనేవారు. అతను కట్టేది తక్కువ, తిట్టేది ఎక్కువ. అయినా అతని పనికి వంక పెట్టినవాళ్ళు లేరు.

ఒక ఎండాకాలం ఈదురుగాలికి పెద్ద మామిడిచెట్టు కూలింది. మేస్త్రి దాని చెక్కను ఆరబెట్టి రెండు ఇళ్ళు చేశాడు. రెండూ ఒకే కొలత, ఒకే పనితనం. ఒకటి ముళ్ళక్క అనే ముళ్ళపంది కొనుక్కుంది. రెండోది నీలకంఠం అనే నెమలి కొన్నాడు. ధర ఇద్దరికీ ఒకటే, గంపెడు చీమగుడ్లు.

ముళ్ళక్కకు ఇద్దరు పిల్లలు. వాళ్ళ బొరియలోకి ఏటా వాననీళ్ళు వచ్చేవి. నీలకంఠం భార్య చిత్రాంగికి గుడ్లు పెట్టే రోజులు దగ్గరపడ్డాయి. కిందటేడు ఆమె పొదలో పెట్టిన గుడ్లను నక్క ఒక్కటి మిగలకుండా తినిపోయింది. ఈసారి తలుపున్న ఇంట్లోనే పొదుగుతానని ఆమె పట్టుబట్టింది.

మేస్త్రి ఇద్దరి తోటల్లోనూ నాలుగేసి రాళ్ళ మీద ఇళ్ళు నిలబెట్టాడు. తరువాత ఇద్దరినీ పిలిచి చెప్పాడు.

"ఇది టేకు కాదు, మామిడి చెక్క. ఊరికే వదిలేస్తే చెదలకు విందు. జీడిపిక్కల నూనె ఇస్తాను, పట్టించండి. గోడలకే కాదు, అడుగుకు కూడా. కోసిన చివరలకు రెండు పూతలు వెయ్యండి, చెక్క నీళ్ళు తాగేది అక్కడినుంచే. రాళ్ళ మధ్య గాలి ఆడాలి. మట్టి చెక్కకు తగలకూడదు. ఏటా వానలకు ముందు మళ్ళీ ఒక పూత. ఈ పని ఇంటివాళ్ళే చెయ్యాలి. అడుగున పాకినవాడికే ఇంటి సంగతి తెలుస్తుంది. మా వంశంలో ఇదే ఆచారం."

నీలకంఠం పకపకా నవ్వాడు. "నేను ఇంటి కింద పాకాలా? మరి నా పింఛం ఏం కావాలి?"

"చెదలు పడితే నీ ఇల్లు ఏం కావాలి?"

"చెదలా! అవి నా పొద్దుటి ఫలహారం మేస్త్రీ. నా తోటలోకి వస్తే ఒక్కటి బతకదు."

"నేనూ పురుగులు తినేవాణ్ణే నాయనా. అవి నీ ఎదటికి వచ్చి కూర్చుని తినవు. చెక్క లోపల ఉండి తింటాయి."

నీలకంఠం తన ఈకలు సర్దుకుంటున్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఎంతసేపని ఊదుతాడు? మేస్త్రి నూనె కుండ అక్కడ పెట్టి ఎగిరిపోయాడు.

ముళ్ళక్క మూడు రోజులు పనిచేసింది. కొబ్బరిపీచును కర్రకు కట్టి, ఇంటి కిందికి పాకి, ప్రతి పలకకూ నూనె పట్టించింది. జీడినూనె ఒంటికి తగిలితే మంట. ఒక చుక్క ముక్కు మీద పడి బొబ్బ లేచింది. ఒకసారి ముళ్ళు పలకకు గుచ్చుకుని కదలలేకపోతే పిల్లలిద్దరూ కాళ్ళు పట్టి బయటికి లాగారు. అంతా అయ్యాక ఆ ఇల్లు మాడిన పెనంలా నల్లగా తేలింది.

నీలకంఠం మోదుగుపూలు నూరి ముందుగోడకు ఎర్రరంగు వేశాడు. అడుగున రాళ్ళు కనపడటం అతనికి నచ్చలేదు. చుట్టూ మట్టి పోయించి, గోడల దాకా ఎత్తు చేయించి, బంతి మొక్కలు నాటాడు. నిజం చెప్పుకోవాలి, అంత అందమైన ఇల్లు ఆ అడవిలో మరొకటి లేదు. జింకలు దారి మళ్ళి మరీ వచ్చి చూసి వెళ్ళేవి.

చిత్రాంగి ఆ ఇంట్లో ఐదు గుడ్లు పెట్టి పొదగసాగింది. వారం తిరక్కుండానే ఆమెకు అనుమానం వచ్చింది.

"ఏమండీ, కింద ఏదో కొరుకుతున్న చప్పుడు వస్తోంది."

"కొత్త చెక్క అలాగే అంటుంది. నువ్వు కదలకుండా కూర్చో."

మర్నాడు గోడ మీద సన్నని మట్టి గీత కనపడింది. నీలకంఠం దాన్ని ముక్కుతో గీరాడు. నాలుగు చెదపురుగులు రాలాయి. వాటిని గుటుక్కున మింగి, "చూశావా, అయిపోయాయి!" అన్నాడు. ఆ గీత ఉన్నచోట మళ్ళీ ఎర్రరంగు పూశాడు. చిత్రాంగి నమ్మింది. గుడ్ల మీదినుంచి లేచి వెళ్ళడానికి ఆమెకు మాత్రం వేరే చోటేది?

తొలకరి మొదలైంది. మూడు రోజులు ఎడతెరిపి లేని వాన. బంతి మొక్కల మట్టి నాని, నేల పలకలకు చెమ్మ ఎక్కింది. నాలుగో రోజు పొద్దున నీలకంఠం మబ్బులను చూసి ముంగిట్లో పింఛం విప్పి ఆడుతుండగా, లోపల ఫెళ్ళున చప్పుడైంది. నేల కూలింది. చిత్రాంగి గుడ్లతో సహా కిందపడింది. మూడు గుడ్లు పగిలిపోయాయి.

మేస్త్రి వచ్చి ముందుగోడ పలకనొకదాన్ని పొడిచాడు. అది పిండిలా రాలింది. పైన ఎర్రరంగు పొర ఒక్కటే మిగిలింది.

"పైన పటారం, లోన లొటారం" అని మొదలుపెట్టి, గుడ్డుపెంకులు కంటపడేసరికి ఆగిపోయాడు. ఆ రోజు అతను ఎవరినీ తిట్టలేదు.

"మేస్త్రీ, ఇప్పుడు నూనె పట్టిస్తే?" అన్నాడు నీలకంఠం.

"దేనికి పట్టిస్తావు నాయనా? చెక్క ఏదీ?"

ముళ్ళక్క తడుస్తూ పరుగెత్తుకొచ్చింది. "వదినా, గుడ్లు చల్లబడతాయి. ముందు మా ఇంటికి పద" అంది.

నల్లటి ఇంటి కిందినుంచి వాననీళ్ళు రాళ్ళ మధ్యగా పారిపోతున్నాయి. లోపల నేల పొడిగా ఉంది. ముళ్ళక్క పిల్లలు ముళ్ళు ముడుచుకుని ఒక మూలకు జరిగి చోటిచ్చారు. చిత్రాంగి మిగిలిన రెండు గుడ్లను రెక్కల కింద పెట్టుకుంది.

నీలకంఠం గుమ్మం దాకా వచ్చాడు. ఇంట్లో ఇంక పింఛం పట్టే చోటు లేదు.

"బాగా తడిశారా?" అని అడుగుతుందేమోనని అతను భార్య వైపు చూశాడు.

చిత్రాంగి అంది: "మీ పింఛానికి ఒక్క మరక కూడా అంటలేదు. నా ముగ్గురు పిల్లలే పోయారు."

నీలకంఠం వానలు తగ్గేదాకా ఆ గుమ్మం బయటే నిలబడ్డాడు.

నీతి: ఇల్లు కొనగానే సరిపోదు, కంటికి కనపడని చోట కూడా దాన్ని కాపాడుకోవాలి. గర్వం ఉన్నవాడు ఆ చోటికి వంగడు. ఆ నష్టం అతనొక్కడితో పోదు.