తిమ్మక్క గడప

"తిమ్మక్కా! ఓ తిమ్మక్కా! లెయ్, లెయ్!"

తలారి ఓబన్న పిలుస్తున్నాడు. పొద్దు నడినెత్తిన ఉంది. అంగడి వీధిలో మూసిన కొట్టు అరుగు మీద ముసలి తిమ్మక్క కూర్చుని కునుకుతోంది. ఓబన్న కర్రతో నేల మీద తట్టాడు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు.

"ఏమి నాయనా, ఊరికి నిప్పంటుకుందా?" అంది ఆమె కళ్లు తెరవకుండానే.

"నిప్పూ లేదు, నీళ్లూ లేవు. కొత్త కట్టడి వచ్చింది. దండోరా వినలేదా అవ్వా?"

"రాళ్లు కొట్టీ కొట్టీ ఈ చెవులకు సగమే వినబడతాది. ఆ మిగతా సగం నువ్వు చెప్పు."

ఇది ఎప్పటి మాటో ఎవరికీ తెలీదు. మన తాతల తాతలు ఇంకా పుట్టని కాలం. చందమామ ఇప్పటికంటే ఒక చెట్టంత కిందికి ఉండి, ఇళ్ల మీద పాలు ఒలకబోసిన కాలం అనుకోండి. ఆ కాలంలో మూడు వాకిళ్ల పేట అని ఒక పట్నం ఉండేది. చుట్టూ కోటగోడ. తూర్పున ఒక వాకిలి, దక్షిణాన ఒక వాకిలి, పడమట ఒక వాకిలి. ఆ పట్నంలో తిరగళ్లకూ రోళ్లకూ కక్కు కొట్టి బతికేది తిమ్మక్క. అరిగి నున్నబడ్డ తిరగలి రాయిని ఒళ్లో పెట్టుకుని, ఉలితో సన్నసన్నగా గాట్లు పెట్టి, మళ్లీ పిండి రాలేలా చేసేది. ఆమె చెయ్యి పడని తిరగలి ఆ పట్నంలో లేదు.

ఆమెకూ ఒకప్పుడు ఇల్లుండేది. పట్నాన్ని ఏలే పారుపత్తెదారుకు అంబారీ ఏనుగు మీద ఊరేగాలని మనసైంది. వీధి చాల్లేదు. ఒక వరస ఇళ్లు పడగొట్టించాడు. ఇళ్లు పోయినవాళ్లు అరుగుల మీద చేరారు. ఏనుగు మీంచి చూస్తే అరుగుల మీద ఆ మూటలు, ఆ ముసలాళ్లు కంటికి బాగాలేదట. అందుకని కట్టడి పెట్టాడు.

ఓబన్న గొంతు సవరించుకుని చెప్పాడు. "పసుపు పూసిన గడప లోపల తప్ప, పట్నంలో యాడైనా సరే కూర్చుంటే తప్పు, ఒరిగితే తప్పు, కునికితే తప్పు. మొదటి తప్పుకు ఆరు దుడ్లు. రెండో తప్పుకు చేతిలో పనిముట్లు. మూడో తప్పుకు పడమటి వాకిలి అవతలికి. అవతలికి పోయినోళ్లకు మళ్లా తలుపు తీసేది లేదు."

"నిలబడితే?"

"నిలబడొచ్చు."

"అట్లయితే దేవుడు నన్ను గుర్రాన్ని చేసి పుట్టించాల్సింది. పొరపాటు చేసినాడు."

ఓబన్నకు నవ్వొచ్చింది. ఆపుకున్నాడు. చెయ్యి చాపాడు. ఆమె కొంగు ముడి విప్పి ఆరు దుడ్లూ ఆ చేతిలో పెట్టింది. అవి ఆ రోజు రాగి సంగటికీ మర్నాటి సంగటికీ దాచుకున్నవి.

ఓబన్న చెడ్డవాడేం కాదు. తలారి కర్రతో పాటు తలారి గుడిసె కూడా ఇచ్చారు అతనికి. ఆ గుడిసెలో నిండు నెలలతో పెళ్లాం రామక్క ఉంది. కర్ర పోతే గుడిసె పోతుంది. గుడిసె పోతే తనూ ఆ అరుగుల మీదికే. ఆ సంగతి అతనికి నిద్రలో కూడా గుర్తే.

మూడు రోజులు పోయాయి. తిమ్మక్క తిండి లేక చావడి మెట్ల మీద ఒరిగింది.

"తిమ్మక్కా! లెయ్. కూర్చుంటే తప్పు, ఒరిగితే తప్పు, కునికితే తప్పు."

"దుడ్లు లేవు నాయనా."

"రెండో తప్పుకు దుడ్లు కాదు అవ్వా. ఉలీ సుత్తీ ఇయ్యి."

ఆమె ఉలిని చీరచెంగుతో తుడిచి ఇచ్చింది. సుత్తినీ తుడిచి ఇచ్చింది. "అవి తీసుకుంటే నేను పని చేసేదెట్లా? పని లేకపోతే దుడ్లు వచ్చేదెట్లా? దుడ్లు లేకపోతే ఇల్లు కట్టుకునేదెట్లా? మీ కట్టడి రాసినోడు తిరగలి తిప్పినట్టు తిప్పినాడే నన్ను!"

ఓబన్న తల వంచుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు తిమ్మక్క, ఇళ్లు పడగొట్టిన చోట మట్టిలో పడున్న ఒక పొడుగాటి బండను ఈడ్చుకొచ్చింది. ఒక జాన ఈడ్చి ఒకసారి దగ్గి, ఒక జాన ఈడ్చి ఒకసారి దగ్గి, కోటగోడ పక్కకు చేర్చింది. మూడిళ్లకు వెళ్లింది. మూడిళ్లలోనూ చిటికెడు చిటికెడు పసుపు అడిగింది. ఆ పసుపు తడిపి బండకు పూసింది. కుంకుమ బొట్లు పెట్టింది. బండ వెనక్కి వెళ్లి గోడకానుకుని కూర్చుంది.

గోడల్లేవు. తలుపుల్లేవు. కప్పు లేదు. గడప ఒక్కటే.

ఓబన్న వచ్చాడు. కర్ర ఎత్తాడు. గడప చూశాడు. కాలు ముందుకు పడలేదు. ఆ పట్నంలో ఒక ఆచారం ఉంది. పసుపు పూసిన గడపను, లోపలివాళ్లు రమ్మనకుండా రాజైనా దాటడు. దాటితే దాటినవాడి ఇల్లు పాడవుతుందని పాలతో పాటు పట్టించి పెంచుతారు.

"ఏందవ్వా ఇది?"

"నా ఇల్లు నాయనా. రా, కూర్చో. తల వంచి రా, దూలం తగులుతాది."

ఈసారి ఓబన్న నవ్వు ఆపుకోలేకపోయాడు. దూలం కోసం ఆకాశంలోకి చూశాడు కూడా. అక్కడ రెండు మబ్బులూ, వాటి కింద ఒక గద్ద ఉన్నాయి, అంతే. కానీ ఆమె మొహం చూస్తే, అక్కడ నిజంగానే ఒక దూలమూ, దూలానికి వేలాడే ఉట్టీ ఉన్నాయేమో అనిపించింది.

వీధి వీధంతా ఆ మాట పాకింది. ఆడవాళ్లు చేటలూ రోకళ్లూ వదిలేసి వచ్చారు. గడప బయట నిలబడి, "లోపలికి రావచ్చునా తిమ్మక్కా?" అని అడిగేవాళ్లు.

"రండమ్మా. కాళ్లు కడుక్కుని రండి, ఇప్పుడే అలికినా."

మొదటి రోజు అలా గడిచింది. రెండో రోజు అలా గడిచింది. మూడో రోజు పారుపత్తెదారు ఓబన్నను పిలిపించాడు.

"ఏరా, ఆ బండ దాటడానికి కాళ్లు లేవా?"

"అది గడప దొరా. పసుపుంది."

"రేపు పొద్దుకు ఆ ముసలిది పడమటి వాకిలి అవతల ఉండాలి. లేదా నీ కర్ర ఇక్కడుండాలి. నువ్వూ నీ పెళ్లామూ పోయి బండ ఒకటి వెతుక్కోండి."

మర్నాడు తెల్లారగట్ల చినుకు పడింది. పెద్ద వాన కాదు. ఆకుల మీద ముత్యాల్లా నిలిచే చినుకు. తిమ్మక్క దగ్గుతూ కుండ పట్టుకుని బావికి వెళ్లింది. ఓబన్న గోడ మలుపులో నిలబడి చూస్తున్నాడు. ఆమె వెళ్లింది. అతను వచ్చాడు. తలగుడ్డ తీసి, గుంటలో నీళ్లకు తడిపి, వంగి, గడపను తుడిచాడు. ఒకసారి తుడిస్తే బొట్లు పోయాయి. రెండుసార్లు తుడిస్తే పసుపు పోయింది. మూడుసార్లు తుడిస్తే ఉత్త బండ మిగిలింది.

తిమ్మక్క నీళ్ల కుండతో వచ్చి నిలబడింది.

"వాన, అవ్వా," అన్నాడు ఓబన్న. "వాన కడిగేసింది. ఇప్పుడిది ఉత్త రాయి."

ఆమె బండను చూసింది. ఆకాశం చూసింది. ఓబన్న చేతులు చూసింది. గోళ్ల సందుల్లో పసుపు ఉంది. అతను చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"వానే అయ్యుంటాది లే నాయనా," అంది తిమ్మక్క. "రామక్కకు ఎన్నో నెల?"

"తొమ్మిది."

"వేణ్నీళ్లు ఎప్పుడూ పొయ్యి మీదే ఉంచు."

అంతే అంది. మూట ఎత్తుకుని అతని ముందు నడిచింది. పడమటి వాకిలి అవతలికి నడిచింది. తలుపు మూశారు.

ఆ సాయంత్రం అసలు వాన మొదలైంది. మూడు రోజులు కురిసింది. వాకిలి కాపలా ఓబన్నదే. మొదటి రోజు ఆమె తలుపు తట్టి, "ఓబన్నా, ఒక గోనెపట్ట పడెయ్యి" అంది. ఓబన్న పలకలేదు. రెండో రోజు తట్టి, "ఓబన్నా, ఒక నిప్పు కణిక ఇయ్యి" అంది. ఓబన్న తలుపు సందులోంచి ఒక ముద్ద సంగటి తోశాడు గానీ గడియ ముట్టుకోలేదు. మూడో రోజు ఆమె తలుపు తట్టలేదు.

వాన వెలిశాక గొర్రెల కాపరులు చూశారు. తిమ్మక్క కోటగోడకానుకుని కూర్చునే ఉంది. కళ్లు మూసి ఉన్నాయి. ఒళ్లు చల్లగా ఉంది.

ఆడవాళ్లు ఏడ్చారు. పారుపత్తెదారును తిట్టే ధైర్యం లేదు. అందుకని వానను తిట్టారు. "పాడు వానా, ముసలిదాని గడప కడిగి, ముసలిదాన్ని మింగినావే!" అని మన్ను ఎత్తి ఆకాశానికి విసిరారు. ఆ బండను మోసుకెళ్లి ఆమె కూర్చున్న చోట పాతారు. పసుపు పూశారు.

కట్టడి పోలేదు. ఒక దొర పోయి ఇంకో దొర వచ్చాడు, కట్టడి అలాగే ఉంది. ఇప్పటికీ ఆ పట్నంలో చోటు లేనివాణ్ణి లెయ్ లెయ్ అంటూనే ఉంటారు. కానీ ఆ బండ వెనక ఎవరు పడుకున్నా లేపరు. అక్కడికి అన్నం తెచ్చేవాళ్లు బండ ఇవతలే ఆగి, "లోపలికి రావచ్చునా?" అని అడుగుతారు. లోపలివాళ్లు, "తల వంచి రండి" అంటారు. అప్పుడు తల వంచి వెళ్తారు.

ఇంకొకటి కూడా ఉంది. చినుకు పడినప్పుడు వేరే ఊళ్లలో గొణుక్కుంటారు, ఆ ఊళ్లో మాత్రం వానను ఎవరూ తిట్టరు. ముందు తిట్టేవాళ్లు. ఏటేటా తొలకరికి ఆడవాళ్లు బండ దగ్గర చేరి, మన్ను విసిరి మరీ తిట్టేవాళ్లు. అది ఎలా ఆగిందంటే:

ఓబన్న ముసలివాడయ్యాడు. కర్ర ఇంకొకడి చేతికి పోయింది. గుడిసె కూడా పోయింది. రామక్క ముందే పోయింది. ఒక తొలకరి నాడు ఆడవాళ్లు బండ దగ్గర చేరారు. మన్ను ఎత్తారు. "పాడు వానా, గడప కడిగిన వానా" అని మొదలుపెట్టారు. వెనక ఎవరో గట్టిగా ఏడ్చినట్టు వినబడి తిరిగి చూశారు. ఓబన్న తడుస్తూ నిలబడి ఉన్నాడు. ముందుకొచ్చాడు గానీ బండ దాటలేదు. దాని ముందు బురదలో కూలబడ్డాడు.

"వానను తిట్టొద్దండమ్మా," అన్నాడు. "ఆ గడప వాన కడగలేదు. నేను తుడిచినా. ఈ చేతులతో, మూడుసార్లు తుడిచినా. ఆమెకు తెలుసు."