దళవాయిగారి పెనం

ముసురు పట్టి కోటలోని మందుగుండంతా చెమ్మగిల్లింది. శత్రువేమో ఏటికి అవతలే ఉన్నాడు. బయట కాల్చిన రాళ్లను గదిలో పేర్చి, ఆ వెచ్చదనానికి మందును మెల్లగా ఆరబెట్టడం పనివాళ్ల పద్ధతి. సేనను నడిపే దళవాయి మాత్రం ఇనప పెనాలు తెప్పించి, నిప్పు మీద వేయించమన్నాడు. మొదటి పెనంలో మందు పేలి, పనివాళ్లలో ఒకతైన చెన్నక్క మొగుడు పోయాడు. ఇవాళ రెండో పెనం దగ్గర చెన్నక్క వంతు.

ఏ పద్ధతి మేలో తేల్చడానికి రాజుగారే వచ్చారు.

"పెనమైతే పూటలో ఆరుతుంది ప్రభూ. ప్రమాదమేమీ లేదు. వీళ్లాయన చేతకాక పోయాడు" అన్నాడు దళవాయి.

చెన్నక్క గుండె రాయి చేసుకుంది. "పెనమే మేలు ప్రభూ. కానీ మేం పనిచేసే పాక కారుతోంది, ఆరిన మందు మళ్లీ చెమ్మ పీల్చేస్తుంది. ఊళ్లో కారని మిద్దె దళవాయిగారిదే. పెనం అక్కడ పెట్టించండి, ఇప్పుడే వేయిస్తాను."

"సరే, తీసుకెళ్లండి" అన్నారు రాజుగారు.

దళవాయి మొహం పాలిపోయింది. "వద్దు ప్రభూ, ఇంట్లో పిల్లలున్నారు."

"మా ఇంట్లోనూ ఉన్నారయ్యా" అంది చెన్నక్క నెమ్మదిగా.

రాజుగారు పెనాన్ని ఏట్లో పారేయించారు.

ఆ సాయంత్రం మళ్లీ రాళ్లు కాల్చారు. వెచ్చటి గదిలో మందు పరుస్తుంటే, చెన్నక్కకి పక్కనే మొగుడు నిలబడి ఊపిరి పీలుస్తున్నట్టే అనిపించింది. తల తిప్పి చూడలేదు.