సోమవారం అద్దెకు తెచ్చిన చుక్కలు

రండి రండి, దగ్గరగా జరగండి. ఆ దుప్పటి కాళ్ళ మీదకి లాక్కోండి. శివయ్యకి ఒక్క దణ్ణం పెట్టుకోండి. ఆఁ, అయిందా? నేను చెబుతుంటే మీరు ఊఁ కొట్టాలి. ఊఁ ఆగిందంటే కథా ఆగిపోతుంది మరి.

అనగనగా నెల్లూరికి తూర్పున, సముద్రపు హోరు వినబడేంత దగ్గర్లో ఒక ఊరు. ఆ ఊళ్ళో జలజ అని ఒక కోడలు. పగలంతా మిషను మీద జాకెట్లు కుట్టేది. కాళ్ళు మిషను తొక్కుతుంటే మనసు మాత్రం చుక్కల్లో తిరుగుతూ ఉండేది.

ఆ ఊళ్ళో రొయ్యల చెరువుల లైట్ల వెలుగుకి చుక్కలు సరిగ్గా కనబడేవి కావు. అందుకని జలజ ఏం చేసేదో తెలుసా? టెలిస్కోపు అద్దెకు తీసుకునేది. సైకిలు అద్దెకు తీసుకోమూ, అట్లాగే! ఎక్కడో ఆస్ట్రేలియా దేశంలో, మనిషి అలికిడి లేని ఎర్రమట్టి కొండ మీద ఒక పెద్ద టెలిస్కోపు ఉంది. ఇక్కడ కూర్చుని కంప్యూటర్లో ఫలానా చుక్క కావాలని అడిగితే చాలు. అక్కడ గది పైకప్పు పెట్టె మూతలా పక్కకి జరుగుతుంది. టెలిస్కోపు మెల్లగా, నిద్దట్లో పాపాయి ఒత్తిగిలినంత మెల్లగా తల తిప్పుతుంది. ఆ చుక్కని ఫోటో తీసి జలజకి పంపుతుంది. మనం దీపాలు పెట్టే వేళకి వాళ్ళకి నడిరేయి కదా, అట్లా కుదిరేది.

ఆకాశంలో ఒకచోట గుర్రం తల ఆకారంలో నల్లటి మబ్బు ఉంది. దాని వెనకాల కుంకుమ చల్లినట్టు వెలుగు. ఆ గుర్రాన్ని ఫోటో తీయాలని జలజకి ఎన్నాళ్ళ నుంచో కోరిక. ఆరు నెలలు ఎదురుచూసి ఒక గంట అద్దెకు మాట్లాడుకుంది. కార్తీకమాసం మూడో సోమవారం, సాయంత్రం ఆరున్నరకి.

జలజ అత్తగారు పెంచలమ్మ. ఆవిడ కార్తీక సోమవారాలు నక్తం ఉండేది. నక్తమంటే, పొద్దంతా ఉపవాసం ఉండి, చీకటి పడ్డాక చుక్కను చూసి, అప్పుడు అన్నం తినాలి. చుక్క కనబడకపోతే? ముద్ద ముట్టదు. ఆ వీధిలో ఆడవాళ్ళు చాలామంది అంతే.

ఆ ఏడు కార్తీకంలో వాయుగుండం పట్టింది. మొదటి సోమవారం మబ్బు. పెంచలమ్మ తీర్థం పుచ్చుకుని పడుకుంది. రెండో సోమవారం జల్లు. మర్నాడు గోడ పట్టుకుని నడిచింది. ఆ తర్వాత మూడో సోమవారం జోరు వాన. శివయ్యకి దీపం పెట్టి, చుక్క కోసం గుమ్మం దాకా వచ్చి, కళ్ళు తిరిగి అక్కడే కూలబడింది.

కొడుకు చెంగల్రాయుడు పరిగెత్తుకొచ్చాడు.

"అమ్మా, మబ్బు పడితే దీపాన్ని చూసి తినొచ్చని పూజారి చెప్పాడు కదా."

"ఆయన నాకు చెప్పాడురా. నేను శివయ్యకి చెప్పుకున్నది చుక్కను చూసి తింటానని. నువ్వు పో."

అప్పుడు చెంగల్రాయుడు పెళ్ళాం దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"పోయిన నెల తీసిన చుక్కల ఫోటో ఉండాదే, అది చూపించెయ్. ఇప్పటిదేనని చెప్పు. అమ్మకేం తెలుస్తుంది?"

జలజ ఆ ఫోటో తెరిచింది. తెరిచి అత్తవైపు చూసింది. పెంచలమ్మ తల గుమ్మానికి ఆనించి, మొహం మీద జల్లు పడుతున్నా తుడుచుకోకుండా, పైకే చూస్తోంది. జలజకి చెయ్యి రాలేదు.

"అబద్ధం నాదీ, ముద్ద ఆమెదీనా? నా వల్ల కాదయ్యా," అంది.

ఆరున్నరయింది. జలజ గుండె ఒక్క క్షణం గుర్రం కోసం కొట్టుకుంది. ఆ తర్వాత గుర్రం పేరు చెరిపేసి, కృత్తికలు అని అడిగింది. కృత్తికలంటే ఎవరనుకున్నారు? కుమారస్వామి పసివాడిగా ఉన్నప్పుడు పాలిచ్చి పెంచిన ఆరుగురు అమ్మలు!

అత్తని మెల్లగా నడిపించి తెర ముందు కూర్చోబెట్టింది.

మొదటి ఫోటో వచ్చింది. అంతా తెల్లటి పొగ. "అయ్యో, అక్కడా మబ్బేనమ్మే," అంది పెంచలమ్మ.

రెండో ఫోటో వచ్చింది. పొగ పలచబడింది. ఎక్కడో ఒక్క మసక చుక్క. "ఇది కంట్లో నలుసో, చుక్కో," అందామె.

అప్పుడు మూడో ఫోటో వచ్చింది. నల్లటి ఆకాశం. అందులో ఆరు చుక్కలు. ఒక్కొక్క దాని చుట్టూ నీలం వెలుగు, తలస్నానం చేసి జుట్టు ఆరబోసుకున్నట్టు!

"అమ్మే జలజా, ఇది నిన్నటిదా, ఇప్పటిదా?"

"ఈ నిమిషానిదే అత్తా. దేవుడి తోడు."

"అక్కడెవరున్నారు?"

"ఎవరూ లేరు. ఆ దుర్బిణి ఒక్కటే."

"పాపం, ఒక్కటే మేలుకొని చూస్తాందా!" అని పెంచలమ్మ రెండు చేతులూ జోడించింది. కళ్ళ వెంట నీళ్ళు జారాయి.

చెంగల్రాయుడు గబగబా కంచంలో అన్నం పెట్టుకొచ్చాడు. పొగలు కక్కే అన్నం, నెయ్యి, కందిపచ్చడి. "తిను అమ్మా."

పెంచలమ్మ తిన్నదా? ఊహూఁ. కంచం పక్కకి జరిపింది. గోడ పట్టుకుని లేచింది. వానలో వాకిట్లోకి పోయి కేకేసింది.

"ఏమే సుగుణా! చుక్కొచ్చిందే!" వాన హోరులో వినబడలేదు.

"కోటమ్మా, రావే!" ఎదురింటి తలుపు కాస్త తెరుచుకుంది.

మూడోసారి ఊపిరంతా కూడగట్టుకుని అరిచింది. "ఆకలితో ఉన్నవాళ్ళంతా రండే! మా కోడలు చుక్కల్ని ఇంటికి పిలిచింది!"

అప్పుడు చూడాలి! తలమీద తట్టలూ, గోనెసంచులూ కప్పుకుని ఒక్కొక్కరే వచ్చారు. "ఏందొదినా, ఇల్లు కురిసి చుక్కలు రాలాయా?" అంటూ సుగుణ వచ్చింది. చూసి నోరు మూసుకుని దణ్ణం పెట్టింది.

"ఇంకా పావుగంట ఉంది, ఇప్పుడైనా నీ గుర్రం వైపు తిప్పుకోరాదూ," అన్నాడు చెంగల్రాయుడు. జలజ చెయ్యి అటే పోయింది. అంతలో వీధి చివరి ముసలమ్మ, తడిసి ముద్దయి, గుమ్మం పట్టుకుని, "ఇంకా ఉండాయా తల్లీ?" అంది. జలజ చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఉన్నాయవ్వా. నిదానంగా చూడు," అంది.

గంట అయిపోయింది. దూరాన కొండ మీద పైకప్పు మెల్లగా మూసుకుంది. ఇక్కడ పెంచలమ్మ ఇంట్లో పదకొండు మంది బారుగా కూర్చుని, వాన చప్పుడు వింటూ, వేడన్నం తిన్నారు. అన్నం చాలకపోతే పక్కిళ్ళ నుంచి గిన్నెలు వచ్చాయి. పెంచలమ్మ మొదటి ముద్ద కలిపి కోడలి నోట్లోనే పెట్టింది.

బిడ్డల్లారా, ఇంకా ఊఁ కొడుతున్నారా? ఒక్కటి గుర్తుపెట్టుకోండి. కళ్ళు తిరుగుతున్నా, కంచం ముందున్నా, పెంచలమ్మ ముందు వాకిట్లోకి పోయి కేకేసింది. రేపు మీ చేతిలోకి తినేదేదైనా రాగానే మీరూ ఒక్క కేకెయ్యండి. వేస్తారుగా? అయితే కళ్ళు మూసుకోండి.

కథ కదిలి కంచికి దారి పట్టె,
కనురెప్ప నిదరకి తలుపు పెట్టె,
చుక్కలన్నీ ఉండు మింట చల్లంగ,
మనమంత పడుకుందాం ఇంట మెల్లంగ.