రెండు బస్తాల సాయం

అనగనగా ఒక అడవి. ఒక ఏడు ఆ అడవిలో దగ్గుజబ్బు పాకింది. ఒకరి పక్కన ఒకరు నిలబడకూడదని అడవి పెద్దలు దండోరా వేయించారు. సంత మూతపడింది. పండిన వేరుశనగంతా కొనే దిక్కులేక కుప్పల్లోనే బూజు పట్టింది.

పెద్దలు కూర్చుని ఆలోచించారు. పంట వేసి నష్టపోయిన ప్రతి రైతుకూ రెండు బస్తాల వేరుశనగ విత్తనాలు ఇవ్వాలని తీర్మానించారు. పంచే పని వడ్రంగిపిట్టకు అప్పగించారు.

వాగు గట్టున ఎలుగుబంటి బుచ్చయ్యకు ఒక పొలం ఉంది. పేరుకే ఆయనది. ఆయన అందులో కాలు పెట్టి మూడేళ్ళయింది. దున్నేదీ, విత్తేదీ, కలుపు తీసేదీ ఏదుపంది పోలమ్మ. పండినదాంట్లో సగం బుచ్చయ్యకు కౌలు కొలిచేది.

వడ్రంగిపిట్ట గాడిద మీద బస్తాలు వేయించుకుని బుచ్చయ్య గుహ ముందు ఆగింది. "బుచ్చయ్యగారూ, పొలం మీ పేరున ఉంది. పంట వేసింది కూడా మీరేనా?" అని అడిగింది.

పోలమ్మ పేరు బుచ్చయ్య నోటిదాకా వచ్చింది. అంతలో వేయించిన పల్లీల రుచి గుర్తొచ్చింది. "నేనే" అన్నాడు. అంత పెద్ద అబద్ధానికి అంత చిన్న మాట సరిపోయింది, చూశారా పిల్లలూ.

వడ్రంగిపిట్ట బస్తాలు అక్కడే దింపించి వెళ్ళింది. సంగతి తెలిసి పోలమ్మ బుచ్చయ్య దగ్గరికి పరుగున వచ్చింది. "బాబూ, నష్టపోయింది నేను. ఆ బస్తాలు నాకిప్పించండి" అంది.

"పొలం ఎవరిది?" అన్నాడు బుచ్చయ్య.

మర్నాడు మళ్ళీ వచ్చింది. "పోనీ, ఒక్క బస్తా ఇవ్వండి బాబూ. నా దగ్గర గింజ లేదు. విత్తకపోతే పిల్లలకు ఏం పెట్టను?" అంది.

"చూద్దాంలే" అన్నాడు బుచ్చయ్య, పల్లీలు నములుతూ.

మూడోసారి వచ్చింది. "బస్తాలు మీరే ఉంచుకోండి. పొలం చేసేది నేనని పెద్దలకు ఒక్క మాట చెప్పండి. ఇకముందు ఇచ్చే సాయమైనా నాకు అందుతుంది" అంది.

"చెబితే ఈ బస్తాలు వెనక్కి అడగరూ?" అన్నాడు బుచ్చయ్య.

పోలమ్మ పిల్లల్ని వెంటబెట్టుకుని వాగు దాటి వెళ్ళిపోయింది. అక్కడ కొండముచ్చు సింగన్న తన బీడు ఆమెకు కౌలుకిచ్చాడు. విత్తనాలు బదులిచ్చాడు. ఆ రోజే పెద్దల దగ్గరికి వెళ్ళి, పొలం చేసేది పోలమ్మ అని రాయించాడు.

వానలు పడ్డాయి. బుచ్చయ్య బస్తాలు అప్పటికే ఖాళీ. పొలం కౌలుకు చేస్తావా అని నక్కను అడిగాడు, అడవిపందిని అడిగాడు, కుందేలును అడిగాడు. పోలమ్మకు జరిగింది అందరికీ తెలుసు. ఒక్కరూ ఒప్పుకోలేదు. పొలమంతా తుంగ మొలిచింది.

పంట చేతికొచ్చే రోజులకు బుచ్చయ్య ఆకలికి ఆగలేక వాగు దాటాడు. పోలమ్మ పొలంలోనే కూలికి దిగాడు. పొద్దు వాలేదాకా చెట్లు పీకి కాయలు తెంపాడు. పోలమ్మ అందరితో పాటు ఆయనకూ కుంచం నిండా కొలిచి, పైన కొసరు కూడా వేసింది.

బుచ్చయ్య సిగ్గుతో తలెత్తలేకపోయాడు. "నాకెందుకమ్మా ఇంత?" అన్నాడు.

"తెంపింది మీరే కదా బాబూ. ఇది మీదే" అంది పోలమ్మ.

నీతి: ఒకరి కష్టానికి వచ్చిన సాయాన్ని మరొకరు తింటే, రేపు ఆ తిన్నవారి కోసం కష్టపడేవారు మిగలరు.