కునుకులంక పడవ ప్రభువు

కృష్ణానది సముద్రానికి చేరువయ్యేచోట, కరకట్టను ఆనుకుని ఉన్న చిన్న ఊరు కునుకులంక. రేవులో పడవ దిగి కట్ట ఎక్కగానే పెంకుల కప్పుతో ప్రభువు దేవాలయం కనిపిస్తుంది. పీఠం మీది స్వరూపాన్ని చూసి కొత్తవారు కొంచెం తికమకపడతారు. సిలువ మీది ప్రభువు కాదు, చేయెత్తి దీవించే ప్రభువూ కాదు. పడవలో, చుట్టిన వల మీద తల ఆనించి నిద్రపోతున్న ప్రభువు. ఈ స్వరూపమూ ఈ పేరూ ఎలా వచ్చాయో పెద్దల వల్ల విన్నది విన్నట్టు ఇక్కడ రాస్తున్నాము.

పూర్వం ఈ ఊరిని పడమటిలంక అనేవారు. ఇన్నయ్య అనే విశ్వాసి కట్టకు కావలి ఉండేవాడు. ఆయన పసితనంలో తండ్రిది కూడా అదే పని. ఒక వరదలో తండ్రి కాసేపు కునుకు తీశాడు. ఆ కాసేపట్లో ఎలుక బొరియంత బుంగ పెద్దదై కట్ట తెగింది. ఇన్నయ్య తల్లి, తమ్ముడు ఆ నీటిలో పోయారు. తండ్రి తరువాత చాలాకాలం బతికాడు గాని, ఎవరి ముఖమూ నేరుగా చూడలేదు.

అందుచేత ఇన్నయ్య నిద్రను శత్రువుగా ఎంచాడు. కావలికి ఎవరినీ తోడు రానిచ్చేవాడు కాదు. నడివేసవిలో ఏటిలో ఇసుక మేటలు తేలినప్పుడు కూడా అన్నం మధ్యలో లేచి కట్ట మీదికి పోయేవాడు. పాత గుడిలో పూజ జరుగుతుంటే తలుపు దగ్గరే నిలబడి ఏటి చప్పుడు మీద చెవి పెట్టేవాడు. భార్య ఆగ్నేసమ్మ వెనకనుంచి పిలిస్తే ఉలిక్కిపడేవాడు.

ఒక ఏడు ఆగస్టులో, మరియమాత మోక్షారోపణ పండుగ ముందు పెద్ద వరద వచ్చింది. ఇన్నయ్య పూర్తిగా నిద్ర మానేశాడు. మాట తడబడింది. లేని శబ్దాలు వినిపించసాగాయి. ఒక మధ్యాహ్నం, ఇప్పుడు దేవాలయం ఉన్నచోట, కట్ట కడుపులో నీళ్లు పారుతున్నాయంటూ పార తీసుకుని తవ్వసాగాడు. బుంగ ఎక్కడుందో చూసి పూడ్చాలని ఆయన తలంపు. అక్కడ బుంగ లేదు. తవ్వేకొద్దీ ఏటివైపు మట్టి జారసాగింది.

ఊరంతా పరుగెత్తి వచ్చింది. దగ్గరికి పోయినవారి మీదికి ఆయన పార ఎత్తాడు. చిన్ననాటి స్నేహితుడు, గుడి ఉపదేశి అయిన జోజప్ప ఆయన చేయి పట్టుకోబోతే పార అంచు తగిలి భుజం చీరుకుపోయింది. ఆ తరువాత ఎవరూ కదలలేదు. గుంటలో చెమ్మ ఊరడం అందరికీ కనిపిస్తూనే ఉంది.

అప్పుడు ఆగ్నేసమ్మ గుంటలోకి దిగి, పార పడేచోట కూర్చుంది.

“లెయ్. కట్ట తెగుద్ది” అన్నాడు ఇన్నయ్య.

“తెగితే ముందు నేను పోతాను. పార దించయ్యా.”

“నేను కన్ను మూస్తే అందరూ పోతారు. మా నాయన మూశాడు.”

“మామకి తోడు ఎవరూ లేరు. నువ్వూ ఎవర్నీ రానియ్యవు. ఇన్నేళ్లూ నువ్వు చూస్తన్నావనే ఏరు ఆగిందా? దాన్ని ఆపేవాడు వేరే ఉన్నాడు. గాలివానలో పడవ ఊగిపోతంటే పడుకున్నాడంట ప్రభువు. నువ్వు పడుకోకూడదా?”

ఇన్నయ్య పార దించలేదు. జోజప్ప నెత్తురు కారుతున్న భుజాన్ని అదిమిపట్టుకుని మెల్లగా అన్నాడు: “ఇన్నయ్యా, కాసేపు నేను చూస్తాను. నాకు అప్పజెప్పు.”

పార జారి కింద పడింది.

కట్టకు కట్టేసి ఉన్న పడవలో ఆయనను పడుకోబెట్టారు. తల వల మీద ఆనగానే నిద్రపట్టింది. జనం గుంటను ఇసుక బస్తాలతో పూడ్చారు. కాని నీరు ఇంకా పెరిగింది. కట్ట అంచుకు జానెడు దిగువకు వచ్చేసరికి ఒకాయన భయపడి ఇన్నయ్యను లేపబోయాడు. ఆగ్నేసమ్మ అడ్డు నిలిచింది.

“ఆయన లేచి మాత్రం ఏం చేస్తాడు? మనం చేసేదేగా. ఆ తట్ట ఇటియ్యి.”

ఆడా మగా వరసకట్టి మట్టి అందించుకున్నారు. కొందరు అలసి కూలబడితే కొందరు లేచారు. పొద్దు వాలేవేళకు నీరు కట్ట మీద తడిగీత వదిలి, కిందికి దిగడం మొదలుపెట్టింది.

ఇన్నయ్య మర్నాడు ఎండెక్కాక లేచాడు. తనకు వచ్చిన కలను జోజప్పకు చెప్పాడు. వరదలో ఈదలేక ఈదుతూ ఒక పడవను పట్టుకున్నాడట. అందులో ప్రభువు నిద్రపోతున్నాడు. లేపబోతే ఆయన కళ్లు తెరవకుండానే కొంచెం పక్కకు జరిగి చోటిచ్చాడట.

తాను నిద్రపోయిన పడవ చెక్కతోనే ఇన్నయ్య ఈ స్వరూపం చేయించాడు. ప్రభువు పక్కన ఒక మనిషికి సరిపడా చోటు వదలమని వడ్రంగికి మరీమరీ చెప్పాడు. కావలిని ఊరంతా వంతులవారీగా పంచుకుంది. భయం ఆయనను పూర్తిగా విడిచిపోలేదు. కొన్ని సాయంత్రాలు జోజప్ప ఇంటికి వెళ్లి, “ఈ పూట నాకు భయంగా ఉంది. నువ్వు చూడు” అని చెప్పి, ఇంటికి వచ్చి పడుకునేవాడు.

నేటికీ ఆదివారం పూజ ముగిశాక దేవాలయంలో చాపలు పరుస్తారు. యాత్రికులు తమ దిగులు ప్రభువుకు చెప్పుకుని అక్కడే కునుకు తీస్తారు. పడమటిలంకకు కునుకులంక అనే పేరు అలా వచ్చింది. ఆ వేళ గంట కొట్టరు. ఇక్కడికి వస్తే కష్టాలన్నీ తీరిపోతాయని మేము చెప్పము. ఏళ్లుగా నిద్రలేనివారు ఇక్కడ నిద్రపోవడం మాత్రం చూశాము. ఒక్కటే నియమం: మీ పక్కన ఎవరు పడుకున్నా, ముక్కూ మొహం తెలియనివారైనా సరే, వారు లేచేవరకు మేలుకుని కూర్చోండి. తరువాత మీరు పడుకోండి, వారు కూర్చుంటారు.