నాలుగో జవాబు

ఏలూరులో కౌముది అనే అమ్మాయి ఉండేది. చురుకైన పిల్లే గానీ, ఎదుటివాళ్లు చెప్పేది చివరిదాకా వినే ఓపిక ఆమెకు మచ్చుకైనా ఉండేది కాదు. కుర్చీలో కూర్చుంటే కాలు ఆడేది. కాలు ఆగితే చేతిలో పెన్ను టిక్కుటిక్కుమనేది. టీ చల్లారేదాకా ఆగలేక రోజూ నాలుక కాల్చుకునేది. ఎవరైనా మాట మొదలుపెడితే చాలు, మిగతా సగం తనే పూర్తిచేసేసి, దానికి జవాబు కూడా చెప్పేసేది. చాలాసార్లు ఆ జవాబు సరిపోయేది కూడా. వచ్చిన చిక్కంతా అదే. చాలాసార్లు సరిపోతుంటే ఇక మారాలని మనిషికి ఎందుకనిపిస్తుంది?

కౌముదికి లాయరు కావాలని కోరిక. మాటకు మాట అంటించే పిల్ల కాబట్టి వీధిలోవాళ్లంతా ఆమెను అప్పటికే లాయరమ్మ అని పిలిచేవాళ్లు. కానీ లా కాలేజీలో సీటు రావాలంటే ప్రవేశ పరీక్ష రాయాలి. ఆ పరీక్షలో తర్కం ప్రశ్నలు ఉంటాయి. తప్పు జవాబు పెడితే ఉన్న మార్కులు కూడా కోస్తారు. కిందటేడు కౌముదికి ఆ కోతల్లోనే సీటు చేజారింది. ఇంకొక్క ఏడాది చూస్తాననీ, ఈసారీ రాకపోతే నోరు మూసుకుని బీకామ్‌లో చేరాలనీ వాళ్ల నాన్న తెగేసి చెప్పాడు. బీకామ్ సంగతి ఎలా ఉన్నా, నోరు మూసుకోవడమనే మాట ఆమెను బాగా భయపెట్టింది.

ఆ ఊళ్లో హైమవతి గారని ఒక లాయరు ఉండేవారు. పొద్దున్నే, కోర్టుకు బయల్దేరేలోపు, తన ఇంటి వరండాలో కొద్దిమంది పిల్లలకు తర్కం చెప్పేవారు. కౌముది అక్కడ చేరింది. ఆమె పక్కన ఎస్తేరు అనే అమ్మాయి కూర్చునేది. కౌముదికి పూర్తిగా ఎదురు ఆ పిల్ల. ప్రశ్నను చివరి చుక్కదాకా చదివి, ఒకసారి ఊపిరి పీల్చుకుని, అప్పుడు గానీ నోరు విప్పేది కాదు. ఎలా కుదిరిందో గానీ ఇద్దరికీ మంచి స్నేహం కుదిరింది. కలిసి పాత ప్రశ్నపత్రాల కట్ట ఒకటి కొనుక్కున్నారు. సాయంత్రాలు ఎస్తేరు వాళ్ల డాబా మీద ఒకరు చదువుతుంటే ఇంకొకరు జవాబు చెప్పేవారు. ఎస్తేరు చదవడం సగానికి రాకముందే కౌముది "బి" అనేసేది. అయినా ఎస్తేరు ఆపేది కాదు, ప్రశ్నంతా చదివేది.

"చెప్పేశానుగా, ఇంకా ఎందుకే చదవడం?" అని కౌముది విసుక్కునేది.

"ప్రశ్న ఇంకా అవ్వలేదుగా" అనేది ఎస్తేరు.

ఒకరోజు క్లాసులో హైమవతి గారు ఒక ప్రశ్న ఇచ్చారు. ఒక వీధిలో ఆదివారం దుకాణాలన్నీ మూసేస్తారు. ఇవాళ ఆ వీధిలో రంగయ్య దుకాణం మూసి ఉంది. అయితే ఇవాళ ఏ వారం? ఆవిడ నాలుగు జవాబులూ చదవకముందే కౌముది ఆదివారమని అరిచింది. హైమవతి గారు తల అడ్డంగా ఊపారు. రంగయ్యకు జ్వరం వచ్చి ఉండొచ్చు, కూతురి పెళ్లిచూపులు అయి ఉండొచ్చు. ఆదివారం అందరూ మూస్తారన్నారే గానీ, మిగతా రోజుల్లో ఎవరూ మూయరని అనలేదు కదా. కాబట్టి సరైన జవాబు నాలుగోది: ఇచ్చిన సమాచారంతో చెప్పలేం.

ఆ నాలుగో జవాబంటే కౌముదికి మొదటినుంచీ ఒళ్లుమంట. పిరికివాళ్ల జవాబని దానికి పేరు కూడా పెట్టింది. ఎన్ని మార్కులు పోయినా సరే, దాని జోలికి పోయేది కాదు. తెలియదని రాయడానికి పరీక్షదాకా వెళ్లడం దేనికి, ఇంట్లో మంచం మీద పడుకునే చెప్పొచ్చు కదా అంది. పిల్లలంతా నవ్వారు. హైమవతి గారు మాత్రం నవ్వలేదు.

"తెలియదు అనడం వేరు, దీన్నిబట్టి తెలియదు అనడం వేరమ్మా. రెండోది చెప్పాలంటే ముందు ఉన్నదంతా చదవాలి. నువ్వు చదవడం లేదు" అన్నారు.

కౌముది కాలు ఇంకాస్త జోరుగా ఊగింది. అంతకుమించి ఆ మాట ఆమెకు ఎక్కలేదు.

పరీక్ష దగ్గరపడింది. ఉన్నట్టుండి ఎస్తేరు క్లాసుకు రావడం మానేసింది. ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. ఇంటికి వెళితే తాళం. తల్లీకూతుళ్లు తెల్లారుజామున విజయవాడ బండి ఎక్కారని పక్కింటావిడ చెప్పింది. ఎందుకెళ్లారో ఆవిడకూ తెలియదట. ప్రశ్నపత్రాల కట్ట కాస్తా ఆ తాళం వెనకాలే ఉండిపోయింది. కౌముదికి కాలు ఒకచోట నిలవలేదు. చదువుకుందామంటే ప్రశ్నలు లేవు, మాట్లాడదామంటే మనిషి లేదు. వరండాలోంచి వంటింట్లోకీ, వంటింట్లోంచి వరండాలోకీ తిరిగింది. తిరిగే కాళ్లకు తగ్గట్టు బుర్ర కూడా తిరిగింది.

అంతలో క్లాసులో ఉండే దిలీప్ ఒక కబురు మోసుకొచ్చాడు. విజయవాడలో పేరుమోసిన ఒక కోచింగ్ సెంటరు గేటు ముందు ఎస్తేరునీ, వాళ్లమ్మనీ తను బస్సులోంచి చూశాడట.

ఇంకేముంది, కౌముదికి అన్నీ తెలిసిపోయాయి. ఎస్తేరు చెప్పాపెట్టకుండా పెద్ద కోచింగ్‌లో చేరిపోయింది. పోతూ పోతూ ఇద్దరి కట్టా పట్టుకుపోయింది. ఇక్కడ నేను సీటు పోగొట్టుకున్నా దానికేం పట్టింది? ఇదీ ఆమె కట్టిన లెక్క. కోపం ముంచుకొచ్చింది. కోపం కింద బాధ కూడా ఉంది, ఎందుకంటే ఆమెకు ఎస్తేరు అంటే నిజంగానే ప్రాణం. కాస్త ఆగి ఉంటే ఆ బాధ ఏదైనా మంచిమాట చెప్పేదేమో. ఆగితే ఆమె కౌముది ఎందుకవుతుంది?

క్లాసు పిల్లలందరికీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు ఉండేది. హైమవతి గారు రోజూ అందులో ప్రశ్నలు పెట్టేవారు. కౌముది కూడా ఒక ప్రశ్న తయారుచేసి పెట్టింది. ఒక అమ్మాయి క్లాసుకు రావడం మానేసింది. స్నేహితురాలు ఫోన్ చేస్తే స్విచ్చాఫ్ చేసుకుంది. ఇద్దరి ప్రశ్నపత్రాలూ తనే దాచుకుంది. వేరే ఊళ్లో పెద్ద కోచింగ్ సెంటరు గేటు దగ్గర కనిపించింది. అయితే ఆ అమ్మాయి ఎలాంటిది? ఎ, నమ్మకద్రోహి. బి, స్వార్థపరురాలు. సి, పై రెండూ. డి, ఇచ్చిన సమాచారంతో చెప్పలేం. నాలుగోది ఊరికే వెక్కిరింతకు పెట్టింది.

పేరు రాయలేదు గానీ, ఎవరి గురించో తెలియనివాళ్లు ఆ గ్రూపులో లేరు. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు "సి" అని పెట్టి, పక్కన నవ్వే బొమ్మలు కూడా పెట్టారు. హైమవతి గారు ఒక్కరే "డి" అని రాశారు. ఇన్ని ఆధారాలుంటే ఇంకా చెప్పలేమంటారేంటి మేడమ్ అని కౌముది అడిగింది. దానికి ఆవిడ ఒకే ఒక్క వాక్యం రాశారు: "రంగయ్య దుకాణం మూసి ఉంది."

కౌముది అది చూసి మూతి తిప్పుకుంది.

మర్నాడు మధ్యాహ్నం ఎస్తేరు నంబరు నుంచి గ్రూపులోకి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. కౌముది గబగబా నొక్కింది. అదే గొంతు, అదే నిదానం. డాబా మీద చెప్పినట్టే చెప్పుకుపోయింది.

"నిన్నటి ప్రశ్నకు జవాబు, డి. గేటు దగ్గర కనిపించినంత మాత్రాన లోపల చేరిందని చెప్పలేం. ఫోన్ ఆగిపోవడానికి చాలా కారణాలు ఉండొచ్చు. పత్రాలు తన దగ్గర ఉన్నాయంటే దాచుకుందని కాదు."

అక్కడ వెనకనుంచి వాళ్లమ్మ గొంతు వినిపించింది. "ఏమేవ్, నేను ఇప్పుడు చదివింది నీ గురించే కదే?"

మెసేజ్ అక్కడితో ఆగిపోయింది.

కౌముది దాన్ని మళ్లీ నొక్కి వింది. వాళ్లమ్మ చదవడమేంటి? ఎస్తేరుకు చదవడం రాదా? తను పెట్టిన ప్రశ్నను తీసేద్దామని చూసింది. తీసినా ఏం లాభం, అందరూ చదివారు, అందరూ విన్నారు. ఆ పూట ఆమె తిండి తినలేదు, పుస్తకం తెరవలేదు, ఒకచోట కూర్చోలేదు.

తల్లీకూతుళ్లు ఊరికి వచ్చారని తెలియగానే కౌముది పరుగున వెళ్లింది. తలుపు ఎస్తేరు వాళ్లమ్మ తీసింది. పేరు కరుణమ్మ, ఇంట్లోనే కుట్టుపని చేస్తుంది. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. తిట్టకుండా కూర్చోబెట్టి జరిగింది చెప్పింది. ఆ రోజు తెల్లారేసరికి ఎస్తేరు కన్ను ఎర్రగా వాచి, తెరుచుకోలేదట. నల్లగుడ్డు మీద పుండు పడిందనీ, ఆలస్యమైతే చూపే పోతుందనీ విజయవాడ కంటి ఆసుపత్రిలో చెప్పారట. ఆ ఆసుపత్రి కోచింగ్ సెంటరు పక్కనే ఉంది. గంటగంటకూ చుక్కలు వేయాలి, పుస్తకం చూడకూడదు, ఫోన్ చూడకూడదు. ఆ కంగారులో మొదట్లో ఫోన్‌కు ఛార్జింగ్ పెట్టుకోవాలన్న ధ్యాసే లేదట. ఇక పరీక్ష ఎలా రాస్తానని ఎస్తేరు ఏడుస్తుంటే, గ్రూపులో వచ్చిన ప్రశ్నలు కరుణమ్మే చదివి వినిపిస్తానందట. ఆదివారం చర్చిలో వాక్యం చదివే అలవాటున్న మనిషి కాబట్టి, ప్రశ్నలు కూడా అలాగే ఆగి ఆగి చదివిందట.

"నీకొక్కదానికైనా చెబుదామంది నా కూతురు. పరీక్ష ముందు ఆ పిల్లను కంగారుపెట్టడం దేనికని నేనే వద్దన్నానమ్మా" అంది కరుణమ్మ.

కౌముదికి తల ఎత్తాలంటే సిగ్గేసింది. లోపలి గదిలో ఎస్తేరు ఒక కంటికి కట్టుతో, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పక్కనే ఆ ప్రశ్నపత్రాల కట్ట, కట్టిన దారం కట్టినట్టే ఉంది.

"నాకు తెలియదే..." అంది కౌముది.

"ఆ జవాబే పెట్టి ఉంటే సరిపోయేదిగా" అంది ఎస్తేరు.

తర్వాత కౌముది, అది నీ గురించేనని నీకు ఎప్పుడు తెలిసిందని మెల్లగా అడిగింది. మొదటి వాక్యానికే తెలిసిందని ఎస్తేరు చెప్పింది.

"మరి ఎందుకు జవాబు చెప్పావే?"

"నా గురించయితే మాత్రం జవాబు మారుతుందా?"

కౌముది ఇక ఆపుకోలేక అక్కడే కూలబడి ఏడ్చింది. కళ్లు తుడుచుకుని, అక్కడే కూర్చుని గ్రూపులో రాసింది. నా ప్రశ్నకు సరైన జవాబు డి. ఎస్తేరు వెళ్లింది కంటి ఆసుపత్రికి. నేను తెలుసుకోకుండా తన మీద నింద వేశాను. నాది తప్పు. రాసి, పరీక్షదాకా రోజూ వచ్చి ప్రశ్నలు చదివిపెడతానని ఎస్తేరును బతిమాలింది. ఎస్తేరు వెంటనే ఒప్పుకోలేదు. చదివి చదివి అమ్మ గొంతు బొంగురుపోయింది కాబట్టి సరేనంది.

"కానీ చివరిదాకా చదవాలి" అని షరతు పెట్టింది.

చివరిదాకా చదవడమంటే కౌముదికి మొదట్లో నరకంలా ఉండేది. జవాబు నాలుక చివరిదాకా వచ్చేది, మింగుకోవాలి. కాలు ఊగేది, పట్టుకుని ఆపుకోవాలి. ప్రశ్న చదివి, ఎస్తేరు ఊపిరి పీల్చుకునేదాకా ఆగాలి. అలా ఆగుతుంటే ఆమెకు ఒక సంగతి కంటపడింది. మొదటి వాక్యంలో తను అనుకున్న జవాబును ఆఖరి వాక్యం ఎన్నోసార్లు తలకిందులు చేస్తోంది. ఇన్నాళ్లూ ఆ ఆఖరి వాక్యాలు చదవకుండానే తను తెలివైనదాన్ననుకుంది.

పరీక్ష రోజున ఎస్తేరు నల్లకళ్లద్దాలు పెట్టుకుని వెళ్లి రాసింది. కౌముది కూడా రాసింది. తర్కం ప్రశ్నల దగ్గర ఆమె చెయ్యి అలవాటుగా ముందుకు దూకింది. ఆగి, ఉన్నదంతా చదివి, అవసరమైన చోట నాలుగో జవాబు పెట్టింది. పెట్టినప్పుడల్లా ఆమెకు పిరికితనం కాదు, ధైర్యమే కావలసి వచ్చింది.

ఫలితాలు వచ్చాయి. ఎస్తేరుకు మొదటి విడతలోనే సీటు వచ్చింది. కౌముదికి ఆఖరి విడతలో, ఇక బీకామ్ తప్పదనుకుంటున్న వేళ, అదే కాలేజీలో వచ్చింది. ఆ కబురు చెప్పడానికి ఆమె ఎస్తేరు వాళ్ల డాబా మీదికి ఎక్కింది. ఎస్తేరు సంతోషించింది, కరుణమ్మ కౌముది నోట్లో చక్కెర పోసింది. ఆవిడ కిందికి దిగాక, ఇన్నాళ్లుగా దాచుకున్న మాటను కౌముది అడిగేసింది.

"ఇప్పటికైనా నన్ను క్షమించావా?"

ఎస్తేరు అలవాటు ప్రకారం ఒకసారి ఊపిరి పీల్చుకుంది.

"నాలుగోది" అంది.

పాత కౌముది అయితే వాదనకు దిగేది, అలిగేది, ఎస్తేరు మనసులో ఏముందో తనే చెప్పేసేది. ఆ రోజు ఆమెకు బాధగానే ఉంది, అయినా పక్కన చోటు చూసుకుని, కాలు ఊపకుండా కూర్చుంది. ఆ జవాబు మారేదాకా ఆగడానికి ఆమె సిద్ధపడింది.

పూర్తిగా తెలుసుకోకుండా మనిషి మీద తీర్పు చెప్పకూడదు. తెలియనప్పుడు తెలియదని ఒప్పుకుని ఆగడమే అసలైన తెలివి.