ఒక్క వేలితో మూయ్

రణధీర్‌కి మామూలు కోపం కాదు. షూటింగ్ రేంజ్ నుంచి వచ్చుడు వచ్చుడే అఫ్సర్ ఉస్తాద్ షెడ్డు తలుపుని కాలితో తన్నిండు.

"దివిజని టీమ్‌లకెల్లి తీసెయ్యుండ్రి ఉస్తాద్. ఇయ్యాలనే. లేకుంటే నేను పోతా."

ఉస్తాద్ చాయ్ తాగుతుండు. జిందగీ మొత్తం తుపాకులు బాగుచేసినోడు, క్లబ్ టీమ్‌ల ఎవరుండాల్నో చెప్పేది కూడా ఆయనే. రణధీర్ ఆయన శిష్యుడు. టీమ్‌కి తూటాలు తయారుజేసేది వాడే.

"ఏమైంది బేటా?"

"ఏమైతది! పోటీ నడుమ దాని రైఫిల్ ఆగింది. మళ్ల నడిపిస్తే మళ్ల ఆగింది. టీమ్ మొత్తం మునిగింది. రేపు రెండో రౌండ్‌ల అది ఉంటే ఉన్నది గూడ పోతది. రైఫిల్ తుడవదు ఉస్తాద్ అది!"

వెనకాలనే దివిజ వచ్చింది. ఏడుస్తదనుకున్నరా? ఏడ్చే మొకమా అది!

"పొద్దుగాల నీ ముందటనే తుడిచిన గదరా. కండ్లు ఏడ పెట్టుకున్నవ్? నీ తూటాలే దరిద్రం."

"నా తూటాలా?" గొంతు చించుకున్నడు రణధీర్. "ఒక్కొక్కటి నా రైఫిల్ల పెట్టి చూసినంకనే డబ్బాల వేసిన. అన్నీ పట్టినయ్. నీ డొక్కుదాంట్ల పట్టకుంటే నేనేం జెయ్యాలె?"

సంగతేందంటే, కాల్చినంక తూటా ఇత్తడి షెల్ ఉబ్బుతది. మళ్ల వాడాలంటే దాన్ని ఉక్కు డైల, అంటే అచ్చుల, పెట్టి నొక్కాలె. ఉస్తాద్ దగ్గర రెండు డైలున్నయ్. ఒకటి షెల్ మెడ వరకే నొక్కుతది. ఇంకోటి ఒళ్లంతా నొక్కుతది. మెడ డైతోని గురి మస్తు కుదుర్తదని రణధీర్ దాన్నే పట్టుకున్నడు. రెండోది ముసలోళ్ల డై అని నవ్వేటోడు.

ఇంకో ముచ్చట. రణధీర్ రైఫిల్‌కి తూటా వెనక మూసే బోల్ట్ చేత్తోనే వెయ్యాలె. దివిజది సెమీ ఆటోమేటిక్. ఒక తూటా కాలంగనే ఇంకోదాన్ని స్ప్రింగే లోపలికి నూకి మూస్తది.

ఉస్తాద్ చాయ్ గ్లాసు కింద పెట్టిండు. రణధీర్ మెడ డైల నొక్కి పెట్టిన షెల్స్‌ల ఒకటి తీసిండు. మందు నింపనిది, ఖాళీది.

"నీ రైఫిల్ల పెట్టు."

రణధీర్ పెట్టిండు. అరచేత్తోని బోల్ట్‌ని ధన్‌మని కొట్టిండు. మూసుకుంది.

"చూసిండ్రా? చూసినవానే?"

"తియ్యి. మళ్ల పెట్టు," అన్నడు ఉస్తాద్. "ఇప్పుడు ఒక్క వేలితో మూయ్."

"వేలితోని ఎవడు మూస్తడు ఉస్తాద్?"

"మూయ్."

వాడు వేలు పెట్టి నూకిండు. బోల్ట్ కొంచెం పోయి ఆగింది. ఇంకా నూకిండు. పండ్లు కొరికిండు. వేలు తెల్లగైంది. బోల్ట్ కదల్లే. కోపంల వాడి అరచెయ్యి బోల్ట్‌ని కొట్టనీకి దానంతటదే పైకి లేచింది.

ఉస్తాద్ మణికట్టు కాడ పట్టుకున్నడు.

"దివిజ రైఫిల్‌కి ఈ చెయ్యి లేదు బేటా, ఉత్త స్ప్రింగే."

రణధీర్ ఆ చెయ్యినే చూస్కుంట నిలబడ్డడు.

"చెప్పు. రేపటికి ఎవర్ని తీసెయ్యాలె?"

రణధీర్ డైల కాడికి పోయిండు. మెడ డైని ఊడదీసిండు. రెండో డై బిగించిండు. అదే షెల్‌ని దాంట్ల పెట్టి నొక్కిండు. తన రైఫిల్ దిక్కు చెయ్యి పోయింది. ఆగింది. దివిజ దిక్కు తిరిగి షెల్ చాపిండు.

దివిజ గుంజుకుంది. తన రైఫిల్ల పెట్టి స్ప్రింగ్‌ని వదిలింది. ఠక్‌మని మూసుకుంది.

ఆమె కోపం ఇంకా పోలే. మొకం గట్లనే పెట్టుకొని చెయ్యి చాపింది.

"ఇంకోటి."